పడుగు ఆరేదాకా

గంజి వాసన.

తెల్లారీ తెల్లారకముందే వీధి నిండా గంజి వాసన. బియ్యప్పిండి ఉడికి, చల్లారి, దారాల వెంట జారి, చుక్క చుక్కగా నేల రాలే వాసన.

ఆ వాసనకు ముందుగా వచ్చేది మనుషులు కాదు. చీమలు.

నాగప్ప మామ భార్య ఎంకమ్మత్త పొయ్యి దగ్గర నుంచి వీధి మధ్య దాకా — ఒక సన్నటి గీత. నల్లటి గీత. నడిచే గీత.

మా వీధి ఎరిగిన గీత అదొక్కటే... మొన్నటిదాకా.

కోట వెనక వీధి మాది. పన్నెండిళ్ల పొడుగు. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి వెనక్కి పోవాలి, అంత వెడల్పు. ఇంత సన్నటి వీధికి అంత పొడుగెందుకంటే — పడుగు పొడుగు కాబట్టి.

పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. మగ్గం ఎక్కే ముందు వాటిని వీధి పొడుగునా పరచాలి. కర్రల మీద లాగి కట్టాలి. గంజి పెట్టాలి. కుంచెతో దువ్వాలి. ఎండకు ఆరనివ్వాలి. ఆరాక చుట్టాలి.

ఇంట్లో మగ్గం, వీధిలో పడుగు. అందుకని వీధి కూడా మాకు ఇంట్లోదే. ఊరికి దారి మనుషుల కోసం. మాకు దారి దారం కోసం.

పరిచిన పడుగును ఎవరూ దాటరు.

దాటరంతే. ఎవరు పెట్టారో తెలియని కట్టుబాటు. పాలవాడు సైకిలు తిప్పుకుని పోతాడు. బర్రె కూడా ఆగి, తల ఊపి, వెనక్కి మళ్లుతుంది. జమ్ములమ్మ జాతరకు పోయే బండ్లు ఆగాయి. గుర్రం మీది పెళ్లికొడుకు ఆగాడు. నాగప్ప మామ వాళ్ల నాయన పాడె కూడా ఆగింది — ఎవరిదో పడుగు ఆరేదాకా — నలుగురి భుజాల మీద, ఎండలో, ఓపికగా.

పోయినాయన కూడా తొందరపడలేదు.

తర్వాత వెడల్పు వచ్చింది.

నిజం చెప్పాలంటే మేమే పిలిచాం. ఏడేళ్ల కిందట వానకు వీధంతా బురదైతే, పడుగు పరచడానికి లేదని అర్జీ పెట్టుకున్నాం. మా వీధి బాగు చేయండి సారూ అని. పన్నెండు సంతకాలు. మొదటిది నాగప్ప మామది. ఆ కాగితం ఏ బీరువాలోనో ఏడేళ్లు పడుకుంది. లేచింది. ఒళ్లు విరుచుకుంది. అరవై అడుగుల రోడ్డై తిరిగొచ్చింది.

వెడల్పు అంటే విశాలం అనుకున్నాం. వెడలిపొమ్మనడం అని తర్వాత తెలిసింది.

టేపులతో వచ్చారు. అడుగులు కొలిచారు. మమ్మల్ని అడగలేదు. కొలత అయ్యాక కోత అన్నారు. నేతలు కూడా వచ్చారు — నేసేవాళ్లు కాదు, చేతులు ఊపేవాళ్లు. పరిహారం అన్నారు. మాకు పరిహాసం అని వినబడింది.

ఇలా మాటలు విరవడం నా అలవాటు. మగ్గం ఆగిన రోజు నోరు నడుస్తుంది. వీధి నవ్వేది. ఆ నెల ఎవరూ నవ్వలేదు.

గోడల మీద ఎర్ర గీత గీశారు. నుదుటి మీది గీత ఎవరికీ కనబడదు. గోడ మీది గీత వీధి చివరి నుంచీ కనబడుతుంది.

నా ఇంటికి మెట్ల దగ్గర పడింది గీత. మెట్లు పోతాయి, మగ్గం మిగులుతుంది.

నాగప్ప మామ ఇంటికి మాత్రం గోడ దాటి లోపలికి వచ్చింది.

ముందు గదిలో మగ్గం. మగ్గం కింద గుంట, కాళ్లు దించి కూర్చుని తొక్కడానికి. మామ తాత తవ్విన గుంట. అంచులు మూడు తరాల తొడలకు నున్నబడ్డాయి. కొలతల సారు వంగి, నేల మీద సుద్దముక్కతో గీసుకుంటూ పోయాడు. గీత సరిగ్గా గుంట మధ్య నుంచి పోయింది.

మగ్గం రోడ్డు వైపు. మనిషి ఇంటి వైపు.

అప్పుడు మామ గుంటలోనే ఉన్నాడు. చేతిలో నాడె ఉంది, అడ్డపోగు వేసేది. గీత ఈ అంచు దగ్గర ఆగి, మోకాళ్ల మీదుగా గాలిలో దూకి, ఆ అంచున మొదలవడం చూశాడు.

"కాళ్లు మీకు, నడుము నాకా సారూ?" అన్నాడు.

సారు నవ్వలేదు. ఊరవతల కట్టిన ఇళ్లలో మూడో అంతస్తు ఇప్పిస్తామన్నాడు. గాలి, వెలుతురు బాగుంటాయన్నాడు.

మూడో అంతస్తులో గుంట తవ్వితే రెండో అంతస్తువాడి నెత్తిన కాళ్లు పడతాయి... ఇది నా మాట. దీనికీ ఎవరూ నవ్వలేదు.

వెనక గది ఆరడుగులు. మగ్గం పట్టదు. గుంట లేకుంటే మగ్గం లేదు. మగ్గం లేకుంటే మామ చేతులకు ఇంకో పని రాదు. యాభై ఏళ్లుగా వాటికి ఒకటే విద్య — తెగితే అతకడం. నిద్రలో కూడా బొటనవేలు, చూపుడువేలు కలిసి మెలి తిరుగుతుంటాయని ఎంకమ్మత్త చెబుతుంది.

మా వీధిలో చదువుకున్నవాడు భానుప్రకాశ్. మామ ఇంటి కాగితాలు చంకన పెట్టుకుని పట్నంలో కోర్టుకు పోయాడు.

కూల్చేది గురువారం. కోర్టులో మా వంతూ గురువారమే.

బుధవారం సాయంత్రం ఫోన్ చేశాడు.

"రేపు రొండు గంటల దాంక ఎట్లన్న ఆపుండ్రి. రొండుకు మన కేసు పిలుస్తరు. గోడ నిలవడి ఉంటెనే స్టే. పడ్డంక జడ్జిసారు గూడ ఏం జేస్తడు?"

ఆపడం ఎలా? అడ్డం పడుకుంటే ఎత్తి పక్కన పడేస్తారు. రాయి విసిరితే కేసు. అందరూ నేల చూస్తున్నారు. నా నోరు ఊరుకోలేదు.

"పడుగు పరుస్తే సరి. యముడైన సుట్టు తిరిగి పోవాలె."

నవ్వుతారనుకున్నాను.

ఎంకమ్మత్త లేచింది. లోపలికి పోయింది. గిన్నెలో బియ్యం నానబోసిన చప్పుడు...

గురువారం. గంజి వాసన.

మామ ఇంట్లో ఉన్నది ఒకటే నూలు పడుగు. నాలుగు చీరలది. ప్రతి పోగూ ఎంకమ్మత్త వేళ్ల మీదుగా వచ్చింది. ఆరు గంటలకల్లా పరిచాం. ఈ చివరి నుంచి ఆ చివరికి — వీధి అంతా తెల్లటి దారాలు. దారం దారానికీ చుక్కలు. చుక్క చుక్కలో కోట బురుజు, తలకిందులుగా.

ఏడున్నరకు బండి వచ్చింది. పసుపుపచ్చది. పన్ను పన్నుకూ పాత ఇళ్ల మట్టి.

వచ్చింది. ఆగింది.

డ్రైవరు పేరు ఉదయ్ కిరణ్. మానవపాడు మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. ఇంజను ఆపి దిగాడు.

"ఎప్పుడు తీస్తరు పెద్దమ్మా?"

"ఆరినంక తీస్తం బిడ్డా."

కొలతల సారు జీపు దిగి అరిచాడు. దారాలకు భయపడతావేమిటి, పోనీ బండి, అన్నాడు. ఉదయ్ కిరణ్ తల గోక్కున్నాడు.

"మా అమ్మమ్మది రాజోలి సార్. మగ్గపోల్లు. గోడ అంటె కొడ్త. ఎన్నన్న కొడ్త. పడుగు మీదికెల్లి మాత్రం పోను."

పోయి టైరు నీడలో కూర్చున్నాడు.

వీధి ఊపిరి పీల్చుకుంది. గెలిచేటట్టే ఉన్నాం. ఉండాల్సింది ఎండ... కాదు, ఉండకూడనిది ఎండ. మార్చి ఎండ. పాలమూరు ఎండ. రోజూ రమ్మని పిలిచే ఎండను ఆ రోజు ఒద్దన్నాం. అది మా మాట వినలేదు.

తొమ్మిదిన్నరకు చుక్కలు పోయాయి. పడుగు ఆరింది.

"ఆరింది కదా, తీయండి" అన్నాడు సారు.

"యాడ ఆరింది? ఇంక పచ్చిగనే ఉన్నది" అంది ఎంకమ్మత్త. కుంచె ముంచి రెండోసారి గంజి పెట్టింది. సారుకు తెలియలేదు. ఉదయ్ కిరణ్‌కు తెలిసింది. తల వంచుకుని చీమలను చూస్తూ కూర్చున్నాడు.

పదకొండున్నరకు రెండోది ఆరింది.

మూడోసారి గంజి ఎవరూ పెట్టరు. దారం కర్రవుతుంది. ఎంకమ్మత్త కుండ ఎత్తింది. మామ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె కుండ దించింది. నీళ్లు చిలకరించాం. నీళ్లు నేలను చేరకముందే ఆవిరి.

పన్నెండు.

పన్నెండున్నర.

ఆరిన పడుగు ఎండలో ఉండకూడదు. ఉంటే గట్టిపడుతుంది. గట్టిపడితే...

టిక్.

చిన్న చప్పుడు. కృష్ణానది మీది గాలి కన్నా చిన్నది. వీధిలో పన్నెండిళ్ల వాళ్లమూ తల తిప్పాం. సారు తిప్పలేదు. అతనికది వినబడలేదు.

మామ పరుగెత్తాడు. వేలు నాలికకు తడి చేసి, రెండు కొసలూ కలిపి మెలేశాడు. అతికింది.

టిక్.

ఇటు. అతికించాడు.

టిక్. టిక్.

అటు. ఇటు. అరవై రెండేళ్ల మనిషి — వీధి ఆ చివరికీ, ఈ చివరికీ. చెమట దారాల మీద పడితే ఒక్క క్షణం అక్కడ మెత్తబడేది. మళ్లీ టిక్.

ఒంటి గంట.

ఇంకొక్క గంట. ఒక్క గంట ఓర్చుకుంటే గుంట నిలుస్తుంది. మామకు తెలుసు. మా అందరికన్నా మామకే తెలుసు. పడుగు పోతే ఇంకో పడుగు పోసుకోవచ్చు. గుంట పోతే... ఇది కూడా తెలుసు.

ఒంటి గంటా పది.

చుట్టమని ఎవరూ అనలేదు. వద్దనీ ఎవరూ అనలేదు. వీధి చివర వంగి ఒక పోగు అతుకుతున్న మామ చేతులు — అతికి — ఆగలేదు. పక్కనున్న కర్రను అందుకున్నాయి. చుట్టడం మొదలుపెట్టాయి.

చేతులు. మామ కాదు.

"ఏం జేస్తున్నవు? ఆగు! ఇంక గంట సేపే!" ఎంకమ్మత్త అరిచింది.

మామ తన చేతులను తనే చూసుకున్నాడు. ఎవరివో అన్నట్టు.

"తెగుతున్నయే..." అన్నాడు.

అంతే. చుట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

పడుగును ఒక్కడు చుట్టలేడు. రెండో కొసను ఇంకొకరు బిగువుగా పట్టుకోవాలి. వదిలితే చిక్కుపడుతుంది. చిక్కుపడనిచ్చి ఉంటే మామ విప్పుతూ కూర్చునేవాడు. రెండు గంటలయ్యేది. మూడయ్యేది.

రెండో కొస పట్టుకున్నది నేను.

ఎందుకు పట్టుకున్నానంటే... దారం చిక్కుపడబోతుంటే చూస్తూ నిలబడడం నాకూ రాదు. ఏ మాటనైనా విరిచే నోరు ఆ పూట ఒక్క మాట పుట్టించలేదు. నాకు పోయేది మెట్లే. బిగువుగా పట్టుకున్నాను.

వీధి ఖాళీ అయింది. నేల మీద గంజి చుక్కల చార, దాని వెంట చీమలు.

ఉదయ్ కిరణ్ కాసేపు లేవలేదు. సారు గడియారం చూపించాడు. లేచాడు. ఎంకమ్మత్త ముందు ఆగాడు.

"నేను తీయమనలే పెద్దమ్మా. మీరే తీసిండ్రు."

సారు తొందరపెడుతున్నా, మేం మగ్గాన్ని విప్పి వెనక గదిలోకి మోసేదాకా ఇంజను వేయలేదు అతను. ఆ మేలు మరవకూడదు.

తర్వాత గోడ, రెండు కాకముందే. నాలుగు నిమిషాలు పట్టింది. యాభై ఏళ్లలో ఎన్ని లక్షల పోగులో లెక్క లేదు. గోడకు నాలుగు నిమిషాలు.

రెండుంపావుకు భానుప్రకాశ్ ఫోన్. "గెలిసినం! కాగితం వస్తుంది! యాడిదాడనే ఉండాలన్నడు జడ్జిసారు!" ఏడుస్తున్నాడు సంతోషంతో. ఫోన్ చేతి నుంచి చేతికి మారింది. చివరికి అతనే అడిగాడు. "ఏందన్నా... ఎవలు మాట్లాడరేంది?"

సాయంత్రానికి కాగితం వచ్చింది. మామ ఇంటి వరకు ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

అప్పటికి ఉన్నది సుద్దగీతకు ఇవతలి సగం గుంట.

ఇప్పుడు దాన్ని పూడ్చకూడదు. తవ్వకూడదు. కప్పకూడదు. అటు నుంచి వచ్చిన తారు అటే ఆగింది. ఇటు నుంచి వచ్చిన తారు ఇటే ఆగింది. గుంట చుట్టూ నాలుగు డబ్బాలు పెట్టి ఎర్ర గుడ్డ కట్టారు. లారీలు వస్తాయి, డబ్బాల దగ్గర నెమ్మదిస్తాయి, చుట్టు తిరిగి పోతాయి.

మొత్తానికి మా వీధిలో ఇంకా ఎవరూ దాటనిది ఒకటి మిగిలింది.

వాయిదా పడింది. మళ్లీ పడింది. పడుగు పరిచిన చోట పడేది ఇప్పుడు వాయిదాలే.

మామను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఓదార్చడానికి పోయినవాళ్లతో ఎంకమ్మత్త ఒకటే అంటుంది — "సాకు." ఆమె పుట్టిల్లు రాయచూరు. కన్నడంలో సాకు అంటే చాలు. తెలుగులో సాకు అంటే వంక. ఏ భాషలో అన్నదో నేను అడగలేదు.

చుట్టిన పడుగు వెనక గది దూలానికి వేలాడుతోంది. రెండు గంజులు తాగిన పడుగు. మగ్గం ఎక్కని గంజి పడుగు ఎన్నాళ్లో నిలవదు. చీమలకు తెలిసిపోయింది. దూలం మీదుగా గీత కట్టి దిగుతాయి. పిసరంత తెలుపు నోట కరుచుకుని ఎక్కుతాయి. ఎంకమ్మత్త రోజూ పైటచెంగుతో విదిలిస్తుంది. చంపదు. రోజూ వస్తాయి.

ఆ పడుగు కోసమే కదా...

ఈ మాట వీధిలో ఎవరూ పూర్తి చేయరు.

పొద్దునపూట నేను మగ్గం ఎక్కను. చప్పుడు మామకు వినబడుతుంది. ఆ వేళకు మామ వచ్చి సగం గుంట అంచున కూర్చుంటాడు. కాళ్లు దించుతాడు. ఎదుట మగ్గం ఉండాల్సిన చోట రోడ్డు. కుడికాలు. ఎడమకాలు. కుడికాలు.

ఇవాళ తెల్లారీ తెల్లారకముందే మెలకువ వచ్చింది.

గంజి వాసన.

బయటికి వచ్చాను. ఎంకమ్మత్త పొయ్యి మీద కుండ. పరచడానికి వీధి లేదు. ఎందుకు కాచిందో... మామ గుంటలో ఉన్నాడు. పొయ్యి దగ్గర నుంచి, డబ్బాల పక్క నుంచి, తారు మీదికి — ఒక సన్నటి గీత. నల్లటి గీత. నడిచే గీత.

లారీ పోయింది. గీత తెగింది.

మామ బొటనవేలు, చూపుడువేలు కలిసి మెలి తిరిగాయి.

కాసేపటికి గీత అతుక్కుంది.

ఇంకో లారీ వస్తోంది. పెద్దది. దీపాలు వెలుగుతున్నాయి. మామ గుంటలోంచే చెయ్యి ఎత్తాడు, గీత తెగకముందే ఆగమన్నట్టు —

గంజి వాసన.