దబ్బనం పోటు

చెంగమ్మ సైకిలుకు మళ్ళీ పంచర్ పడింది. అలిపిరికి పోయే దారిలో ఉన్న ఆ అపార్టుమెంటులో ఆమె కొన్ని ఇళ్ళకు వంట చేస్తుంది. పొద్దున వచ్చేటప్పుడు గట్టిగా ఉన్న వెనక చక్రం, పని ముగించి దిగేసరికి నేలకు అతుక్కుపోయి ఉంటోంది. ఎండలో సైకిలు నెట్టుకుంటూ షాపు దాకా నడిచి నడిచి విసుగెత్తి, చివరికి తనే ఒక పంచర్ డబ్బా కొనుక్కుంది. మొగుడు మునిప్రసాద్ ఒకసారి చేసి చూపిస్తే నేర్చుకుంది.

పనివాళ్ళ సైకిళ్ళు గేటు బయట, ప్రహరీ గోడకు ఆనించి ఉంటాయి. ఆమె అక్కడే కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగింది. నీళ్ళు అడిగితే వాచ్‌మన్ ఏకాంబరం బకెట్టు తెచ్చి పెట్టాడు. ఆమె మొహం చూడకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

గాలి కొట్టి ట్యూబును నీళ్ళలో ముంచితే ఒక పక్కనుంచి బుడగలు వచ్చాయి. ముల్లో మేకో టైరులో ఇరుక్కుని ఉంటుందని వెతికింది. రోడ్డుకు తగిలే చోట ఏమీ లేదు. టైరు పక్క భాగంలో మాత్రం సన్నటి రంధ్రం కనబడింది. దాని దగ్గరే అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, అన్నీ ఒకే వైపు. రోడ్డు మీది ముల్లు పక్కనుంచి గుచ్చుకోదు.

చెంగమ్మ ఏకాంబరాన్ని పిలిచి టైరు చూపించింది. అతను తలెత్తలేదు.

"దేంతో పొడిసినావు?" అని అడిగింది.

"దబ్బనంతో," అన్నాడతను. "సెక్రటరీ సార్ సెప్పినాడు. గేటు ముందర మీ సైకిళ్ళు ఉంటే సూసేదానికి బాగలేదంట."

అతని భార్య కామెర్లతో పడుకున్నప్పుడు రోజూ గంజి కాచి తెచ్చింది చెంగమ్మే. అది గుర్తొచ్చి ఆమెకు కడుపు మండిపోయింది. లేచి, సైకిలును మోసుకొచ్చి, కార్లు పోయే గేటుకు సరిగ్గా నడుమ తలకిందులుగా నిలబెట్టింది. బకెట్టు, పంపు తెచ్చుకుని పక్కనే కూర్చుంది. గరుకు కాగితంతో ట్యూబును రుద్దడం మొదలుపెట్టింది.

అపార్టుమెంటు సెక్రటరీ రంగనాథం కారు సెల్లారులోంచి పైకొచ్చింది. ఆమె వంట చేసే ఇళ్ళలో ఆయనదీ ఒకటి. ఆయన బంధువులు రేణిగుంట విమానాశ్రయంలో దిగే వేళ అది. హారన్ మోగించాడు. ఆమె కదలలేదు. దిగి వచ్చి, పక్కకు తియ్యమన్నాడు.

"సొల్యూషన్ పూసి ఆరబెట్టాల సార్. ఆరకముందే అతికిస్తే నిలబడదు."

"బయట చేసుకోమ్మా. ఇది దోవ."

"బయట పెట్టినందుకే గదా సార్ దబ్బనం దిగింది."

రంగనాథం ఏకాంబరం వైపు చూశాడు. తాను అలాంటి మాటే అనలేదన్నాడు. ఎవరు చెప్పారో నోరు తెరిచి చెప్పమని చెంగమ్మ ఏకాంబరాన్ని అడిగింది. అతను గేటు చువ్వ పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. పొడిచాడని తెలిసినప్పటికంటే ఇప్పుడే ఆమెకు ఎక్కువ ఒళ్ళు మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే మోచేత్తో తుడుచుకుని, ట్యూబు మీద సొల్యూషన్ పూసింది.

వెనక కార్లు ఆగిపోయాయి. ఏమైందని ఒక్కొక్కరే దిగి అడిగారు. ఆమె టైరు ఎత్తి రంధ్రాలు చూపించి, జరిగింది చెప్పింది. ఇళ్ళు ఊడ్చే నిర్మలమ్మ ఆ మాట విని, తన సైకిలు కూడా తెచ్చి పక్కనే అడ్డంగా పెట్టింది. దాని టైరుకూ అవే రంధ్రాలు. స్కూటరు మీద బడికి బయలుదేరిన చంద్రిక టీచరు, మనకు వంట చేసిపెట్టే మనుషుల బండ్లు పొడిపించడం ఏమిటని రంగనాథాన్ని అందరి ముందే అడిగింది.

ఆయన గడియారం చూసుకున్నాడు. రేపట్నుంచి సెల్లారులో మెట్ల కింద పెట్టుకోమన్నాడు.

"ఈ పొద్దే," అంది చెంగమ్మ.

సరే అనక తప్పలేదు ఆయనకు. అయినా ఆమె వెంటనే లేవలేదు. సొల్యూషన్ ఆరేదాకా ఆగింది. ప్యాచ్ అతికించి, బొటనవేలితో గట్టిగా అదిమింది. ట్యూబు ఎక్కించి గాలి కొట్టి, చక్రం ఒకసారి తిప్పి చూసుకుని అప్పుడు దారి ఇచ్చింది.

మరుసటి రోజు రంగనాథం ఇంట్లో వాళ్ళు ఆమెను వంటకు రావద్దన్నారు. ఆమె అది ముందే అనుకుంది. ఆ ఒక్క ఇంటికి బదులు వేరే వీధిలో ఇంకో ఇల్లు చూసుకుంది. పనివాళ్ళ సైకిళ్ళు మాత్రం మెట్ల కిందే ఉంటున్నాయి.

వారం తర్వాత ఏకాంబరం ఆమెకు ఎదురొచ్చాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు.

"సైకిలు లేకపోతే నా పని పోతాదని నీకు తెలుసు," అంది చెంగమ్మ. "తెలిసే పొడిసినావు."

రంగనాథం మీది కోపం కొన్నాళ్ళకు తగ్గింది. ఏకాంబరం ఇప్పటికీ ఆమె రాగానే లేచి గేటు తీస్తాడు. ఆమె అతని వైపు చూడకుండా లోపలికి పోతుంది.