చెప్పులు తొడగని మొక్కు

పొద్దున్నే మా ఆయన లింబయ్య మంచం దిగుతుంటే చూడటం నా వల్ల అయ్యేది కాదు. మొదటి అడుగు వేస్తూనే పళ్లు బిగబట్టి గోడ పట్టుకునేవాడు. కాసేపు నడిచాక నొప్పి సర్దుకునేది. అందుకే చెరుకు కొట్టే చోట ఎవరూ నమ్మేవారు కాదు.

"పొద్దుగాల కుంటుడు, పగటీలికి ఉరుకుడు! అన్నీ నాటకాలు" అని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

వాళ్ల మీదకంటే ఆయన మొండితనం మీదే ఎక్కువ మండేది. పోచంపాడ్‌లో డ్యాం కడుతున్న రోజులవి. చెరుకు కొట్టిన మడిలో మోళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. అందరి కాళ్లకూ టైరు చెప్పులుండేవి. ఈయన ఒక్కడే ఉత్తకాళ్లతో తిరిగేవాడు.

మా కూతురు గంగుకు మూడో ఏట జ్వరమొచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. బిడ్డ నడిచేదాకా చెప్పులు తొడగనని ఆయన అప్పుడే పోచమ్మకు మొక్కుకున్నాడు. బిడ్డ నడవలేదు. అంతకుముందు వానాకాలం మళ్లీ జ్వరమొచ్చి మాకు దక్కకుండా పోయింది. మొక్కు మాత్రం మిగిలింది.

ఇటుక వేడి చేసి, జిల్లేడాకులు పరిచి మడమకు కాపడం పెట్టేదాన్ని. ఆ పూటకు హాయిగా ఉండేది, తెల్లారితే మళ్లీ గోడే దిక్కు. చివరికి పోరుపెట్టి బోధన్ తీసుకుపోయాను.

డాక్టరు బొటనవేలితో మడమ నొక్కి చూశాడు. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఒక పట్టీ ఉంటుందట. బరువులకూ గట్టినేలకూ అది దెబ్బతిన్నదట. రాత్రి బిగుసుకున్న పట్టీని మొదటి అడుగు లాగుతుంది కాబట్టే పొద్దున అంత నొప్పి. మంచం దిగకముందే పాదానికి తువ్వాలు వేసి మెల్లగా తనవైపు లాక్కోమన్నాడు. బరువులు తగ్గించమన్నాడు.

"జర టైం పడ్తది, గని తగ్గుతది. ఉత్తకాళ్లతోని తిరిగితే మాత్రం ఏ మందు పనిచెయ్యది. ఇంట్ల కూడ మెత్తటి చెప్పులు తొడుగు" అన్నాడు.

"మొక్కున్నది సాబ్" అని మా ఆయన తల వంచుకున్నాడు.

నేను ఊరుకోలేదు. చెప్పులు కుట్టే ఎజాజ్ అన్న దుకాణంలో మడమ కింద మెత్త వేయించి చెప్పులు తెచ్చాను. ఆయన ముట్టలేదు.

"బిడ్డ నడవకముందే తొడిగితే ఎట్లనే?" అన్నాడు.

నా గుండె పగిలిపోయింది. బిడ్డ లేదని ఈయనకు ఇంకెవరు చెప్పాలి?

"బిడ్డ నీకొక్కనికేనా? నేను కనలేదా? నీకు పట్టుకోనీకి మొక్కన్న ఉన్నది. నాకేమున్నది?" అని అరిచాను.

మొక్కిన నోరే మొక్కును విడవాలంటారు, ఇంకొకరు విడిపిస్తే కీడట. అయినా మర్నాడు పోచమ్మ దగ్గరికి పోయాను. కొబ్బరికాయ కూడా పట్టుకుపోలేదు.

"నా బిడ్డను నడిపియ్యకపోతివి తల్లీ. నా మొగని కాళ్లనన్న ఇడిసిపెట్టు. నువ్వు ఇయ్యలే, మేం గూడ ఇయ్యం" అన్నాను.

ఇంటికొచ్చి ఆ మాటే ఆయనకు చెప్పాను.

"గట్ల అంటరానే? పాపం తగులది?"

"తగిలితే నాకు తగలనియ్. ఇగ ఉన్నదేంది తీసుకపోనీకి?"

తెల్లారాక ఆయన పాదానికి నేనే తువ్వాలు వేసి లాగాను. చెప్పులు నేనే తొడిగాను. ఆయన వద్దనలేదు. లేచి గడప దాకా నడిచాడు. గోడ పట్టుకోలేదు.

"నొప్పి ఎట్లున్నదయ్యా?"

"జర తక్కువున్నది" అన్నాడు. అంటూనే గడప మీద కూలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మన గంగు ఇగ నడువది, హన్మవ్వా."

బిడ్డను మట్టిచేసి వచ్చిన రోజు కూడా ఆయన నోట రాని మాట అది. నేను పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా చాటుచాటుగా ఎవరికి వారు ఏడ్చినవాళ్లం, ఆ పొద్దున కలిసి ఏడ్చాం.