హ్వాంగ్బో చొల్దూ పంపిన సైకిల్

మా పార్శిల్ ఆఫీసుకు వచ్చే పెట్టెల మీద పేర్లు చదివితే ఈ చొంగ్జు ఊరి నిండా పహిల్వాన్లే ఉన్నారనుకోవాలి. ఒంటరిగా ఉండే ఆడపిల్లలు చీటీ మీద సొంత పేరు రాయరు. మీసాలున్న పేరేదో ఒకటి రాస్తారు. గుమ్మం బయట మగవాళ్ళ బూట్లు ఒక జత పెడతారు. లోపల ఎవడో దిట్టమైనవాడు ఉన్నాడని దారినపోయేవాడు అనుకోవాలి, అంతే. పదకొండేళ్ళుగా ఈ కౌంటర్ వెనక కూర్చుని ఈ లేని మగాళ్ళకు పెట్టెలు అందిస్తున్నాను. ఎవరినీ అసలు పేరు అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. ఇప్పుడు ఆ మర్యాద తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ పిల్ల నవంబర్ మొదటి వారంలో వచ్చింది. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు కదా, ఆఫీసు నిండా ఉప్పు క్యాబేజీ పెట్టెలు, నేలంతా చిత్తడి. తెల్ల మడ్గార్డులున్న ఆకుపచ్చ సైకిల్ నడిపించుకుంటూ తలుపు దాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి వీధిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసుకుంది. అప్పుడు లోపలికి వచ్చింది.

"పిన్నీ, దీన్ని అమ్మేశాను. మొక్‌ఫో పంపాలి. చవగ్గా పోయే దారేదైనా ఉంటే చెప్పండి. మామూలు కొరియర్ వాళ్ళు చూసీ చూడగానే కాదనేశారు."

"అనరూ మరి? పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి నూట అరవై సెంటీమీటర్లు దాటితే వాళ్ళు ముట్టుకోరు. ఇలాంటివాటికి మేమే దిక్కు. ఇంటి దాకా చేర్చాలంటే ముప్పై అయిదు వేల వోన్లు. కొన్నవాడే అక్కడి మా ఆఫీసుకొచ్చి తీసుకుంటానంటే పదిహేను వేలు. పెట్టె ఉందా?"

"లేదు. కొనాలా?"

"డబ్బులు ఎక్కువయ్యాయా? వంతెన అవతల సైకిల్ షాపువాడు కొత్త సైకిళ్ళొచ్చిన పెట్టెల్ని చెత్తలో పారేస్తాడు. నా పేరు చెప్పు, ఊరికే ఇస్తాడు."

అరగంటలో తనకంటే పెద్ద పెట్టెను నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చింది. ఇద్దరం నేల మీద కూర్చుని ముందు చక్రం ఊడదీశాం, హ్యాండిల్ పక్కకు తిప్పాం, మడ్గార్డు అంచుకు పసుపు టేపు అంటించాను. ఎడమ పెడల్ దగ్గర ఆ పిల్ల చేతులెత్తేసింది. పానాతో ఎంత తిప్పినా కదలడం లేదు.

"అటు కాదే పిల్లా, ఇటు తిప్పాలి. ఎడమదాని మర ఎదురు తిరుగుతుంది."

"నాకు తెలిసినవాడొకడున్నాడు పిన్నీ, అచ్చం ఇలాగే. వదిలించుకుందామన్న కొద్దీ బిగుసుకుపోతాడు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. తరువాత తల వంచుకుని, పెడల్ గుడ్డలో చుడుతూ మిగతాది చెప్పింది. వాడి వల్ల రెండేళ్ళలో మూడు ఊళ్ళు మారింది. ఉద్యోగం మార్చింది, జుట్టు కత్తిరించుకుంది. ఇక్కడ ఉన్నట్టు కన్నతల్లికి కూడా చెప్పలేదు.

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పాను. దూరంగా ఉండమని వాడికి కాగితం ఇచ్చారు. వాడు దాన్ని చదివి, అక్షరదోషాలు దిద్ది నాకు పంపాడు. ఇక్కడున్నానని తెలిస్తే ఈసారి మాటలతో పోనివ్వడు, పిన్నీ. ఈ సైకిల్ ఒక్కటే అప్పటిది. ఇది కూడా పోతే ఇక నన్ను గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు."

వెంటనే మా బుద్ధి కొద్దీ మేం జాగ్రత్తలు మొదలుపెట్టాం. అమ్మకానికి పెట్టిన ఫోటోలో ఉత్త గోడ తప్ప ఏమీ లేదని ఆ పిల్ల చూపించింది. పంపినవారి చిరునామా దగ్గర మా ఆఫీసుది రాయమన్నాను. ఫోన్ నంబరూ మా ఆఫీసుదే. తన నంబరు మాత్రం నా ఫోన్‌లో దాచుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"కొన్నాయన ఎలాంటివాడు?"

"చాలా మర్యాదస్థుడు. వినండి." ఫోన్ తీసి చదివింది. "'నాకు తొందర లేదు. చవకైన దారిలోనే పంపండి. నేనే ఆఫీసుకు వెళ్ళి తీసుకుంటాను. పంపినవారి పేరు మాత్రం చీటీ మీద స్పష్టంగా ఉండాలి, మా కంపెనీలో లెక్క చూపించుకోవాలి.'"

"ఎంత తగ్గించమన్నాడు?"

"అసలు బేరమే ఆడలేదు."

పాత సామాను కొంటూ కనీసం అయిదు వేలైనా తగ్గించమని అడగని మనిషిని ఈ దేశంలో నేను ఇంతవరకు చూడలేదు. ఏదో మెదిలింది మనసులో. అంతలో బయట క్యాబేజీ లారీ హారన్ కొట్టింది, మా ఆయన గోడౌన్ నుంచి కేకేశాడు. ఆ మెదిలింది కాస్తా పోయింది.

పేరు దగ్గర ఆ పిల్ల తడుముకోకుండా రాసింది. హ్వాంగ్బో చొల్దూ. చొల్దూ అంటే ఇనుప తలకాయ.

"అబ్బో! ఈయన ఎక్కడ దొరికాడే నీకు?"

"నాలుగేళ్ళుగా నా పార్శిళ్ళన్నీ ఈయనే తీసుకుంటున్నాడు పిన్నీ. ఊళ్ళు మారినా ఈయన్ని మాత్రం వదల్లేదు."

ఆ రోజు నుంచి తను నాకు చొల్దూ అయిపోయింది. పనికి వెళ్తూ అద్దంలోంచి చెయ్యి ఊపేది. ఒకటి రెండుసార్లు లోపలికొచ్చి కాఫీ తాగింది. సైకిల్ చేరిందని, ఆయన థాంక్స్ చెప్పాడని సంబరపడింది.

సైకిల్ పంపిన తొమ్మిదో రోజు పొద్దుటి లారీలో చెప్పుల పెట్టెంత పార్శిల్ ఒకటి దిగింది. మొక్‌ఫో నుంచి హ్వాంగ్బో చొల్దూకు, మా ఆఫీసులోనే తీసుకునేలా. ఊపితే లోపల ఏమీ కదల్లేదు. అంత తేలిగ్గా ఉందంటే ఎండబెట్టిన సముద్రపు నాచు అయి ఉంటుందనుకున్నాను. మొక్‌ఫో వాళ్ళది రేవు ఊరు, ఇంకేం పంపుతారు? దాన్ని అరలో పెట్టి, పని సర్దుకున్నాక మధ్యాహ్నం మెసేజ్ పెట్టాను. "చొల్దూ, సైకిల్ కొన్నాయన నీకేదో పంపాడు. వచ్చి తీసుకుపో. సగం నాది."

"బస్సెక్కుతున్నా పిన్నీ! పావుగంటలో మీ ముందుంటా!"

ఫోన్ పక్కన పెట్టి తల ఎత్తితే ఎదురుగా బూడిద రంగు కారు కనిపించింది. మూతపడ్డ నూడుల్స్ కొట్టు ముందు ఆగి ఉంది. పొద్దున నేను షట్టర్ ఎత్తేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఇప్పుడు దాదాపు రెండు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు పాపం అనుకున్నాను. అనుకుంటూనే కారు వెనక అద్దం వైపు చూశాను. అద్దానికి ఆనుకుని సైకిల్ చక్రం, దాని పైన తెల్ల మడ్గార్డు. దాని అంచుకు నేను నా చేత్తో అంటించిన పసుపు టేపు ఇంకా అలాగే ఉంది.

వెంటనే ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బస్సులో మోగకుండా పెట్టుకుంటారు కదా అందరూ. "రావద్దు. వాడు ఇక్కడున్నాడు" అని మెసేజ్ పెట్టాను. చదివితే పక్కనున్న ఒకటి అంకె మాయమవ్వాలి. కళ్ళు ఆర్పకుండా చూశాను. ఒకటి అలాగే ఉంది.

కారు తలుపు తెరుచుకుంది. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన కోటు. లోపలికి వచ్చి తల వంచి నమస్కరించాడు. తడి నేల మీద బూట్ల గుర్తులు పడకుండా పట్టా మీద నిలబడ్డాడు.

"మేడమ్, హ్వాంగ్బో చొల్దూ గారి పెట్టె వచ్చిందా?"

"పొద్దునే తీసుకుపోయాడు."

అతను నా భుజం మీదుగా అరలోకి చూశాడు. "అదే కదా అది? నేను పంపిందే. అందులో ఏమీ లేదు లెండి."

"చొల్దూ మా ఆయన." నోటికొచ్చింది అనేశాను. "గోడౌన్‌లో ఉన్నాడు. పిలవనా?"

నిజానికి మా ఆయన తేజన్ వెళ్ళాడు. సాయంత్రం అయిదు దాకా రాడు.

"అలాగా! మంచి పేరు." చాలా ఇష్టంగా నవ్వాడు. "నాలుగేళ్ళ క్రితం, కున్సాన్‌లో, నూడుల్స్ తింటూ నేనే పెట్టాను. ఈ పేరు చూస్తే ఎవడూ నీ తలుపు జోలికి రాడని చెప్పాను. ఆకుపచ్చ సైకిళ్ళు చాలా ఉంటాయి మేడమ్. చీటీ చూశాకే నమ్మకం కుదిరింది. ఇంకా అదే పేరు రాసుకుంటోంది."

ఆ పిల్ల వచ్చేలోపు వీణ్ణి లోపలే మూసెయ్యాలి. షట్టర్ రిమోట్ నా మెడలోనే వేలాడుతుంది. నొక్కాను. మా షట్టర్ ముసలిది, దిగడానికి ఓ నిమిషం పడుతుంది. అతను అది దిగుతుంటే కంగారు పడలేదు. స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు తొందర లేదు, మేడమ్."

షట్టర్ నేలను తాకింది. ఫోన్ చూశాను. ఒకటి ఇంకా అలాగే ఉంది. గోడ గడియారం చప్పుడు నాకు అంతకుముందు ఎప్పుడూ వినిపించలేదు.

టకటకా తట్టిన చప్పుడు.

"పిన్నీ! నేనే, మీ చొల్దూని! పట్టపగలు మూసేశారేంటి?"

"పారిపో!" అని అరిచాను. "పారిపోవే!"

బయట నవ్వు. "నా వాటా కూడా మీరే తినేస్తున్నారా ఏంటి? తియ్యండి, చలేస్తోంది!"

ఆమెను పేరు పెట్టి పిలిస్తే నమ్ముతుందేమో. నోరు తెరిచాను. నాకు పేరు తెలియదు. ఆ గదిలో ఆమె పేరు తెలిసినవాడు ఒక్కడే.

అతను లేచి షట్టర్ దగ్గరకు వెళ్ళాడు. చెంప ఇనుముకు ఆనించి, నిద్రలేపుతున్నట్టు మెల్లగా పిలిచాడు.

"సేబోమ్."

తట్టడం ఆగిపోయింది. తరువాత రోడ్డు మీద బూట్ల చప్పుడు, పరుగు.

అతను నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "రిమోట్ ఇవ్వండి, మేడమ్."

గడియారంలో రెండూ పదమూడు. గొలుసుతో సహా దాన్ని గుప్పిట్లో బిగించుకుని క్యాబేజీ పెట్టెల మధ్యకు వెనక్కి నడిచాను. ఆ పిల్ల ఎంత దూరం పరిగెత్తగలదో అంతసేపూ నేను దీన్ని వదలకూడదు.