కరెంటొచ్చిందని మిస్డ్ కాల్

సంతోషి ఎంటెక్ వైవా ఆ రోజే, బందూ ఆ రోజే. ముహూర్తం యూనివర్సిటీ పెడితే దాన్ని చెడగొట్టింది మాత్రం కన్నతండ్రేనని ఆ పొద్దున ఆమె కోపం. లచ్చయ్య ఆర్టీసీ డ్రైవరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది, ఆయన స్టీరింగు ముట్టుకోలేదు.

"బస్సులన్నీ బంద్ పెట్టి కూసున్నరు. ఇప్పుడు మా సారు ఎట్లొస్తడు నాయినా?"

ఆ సారు త్రినాథరావు, వైవా చేయడానికి గుంటూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు. దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలింట్లో దిగాడు. "బయట గొడవగా ఉందటమ్మా, రాలేనేమో. సాయంత్రం ఊరెళ్ళిపోవాలి కూడాను" అని అప్పుడే ఫోన్లో చెప్పేశాడు. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ వైవా ఆరు నెలల తర్వాతే. కుషాయిగూడ కంపెనీలో బోర్డులు డిజైన్ చేసే ఉద్యోగం అన్నాళ్ళు ఆమె కోసం కాచుక్కూర్చోదు.

లచ్చయ్య స్కూటరు బయటికి తీశాడు. "నడువు బిడ్డా. సార్ను మనమే తోల్కపోదాం."

సంతోషి ఒళ్ళో చెప్పుల డబ్బా ఉంది. రెండేళ్ళ చదువంతా అందులోనే. అరచేయంత బోర్డు, దానికో సిమ్ము. పొలం దగ్గర త్రీఫేజు కరెంటు రాగానే అది రైతు ఫోనుకి మిస్డ్ కాల్ ఇస్తుంది. రైతు తిరిగి మిస్డ్ కాల్ ఇస్తే మోటరు నడుస్తుంది. పైసా ఖర్చు లేదు. చిట్యాల దగ్గరి ఊళ్ళో పెదనాన్న జానయ్య కరెంటు కోసం రాత్రుళ్ళు బోరు దగ్గరే పడుకోవడం చూసి పుట్టిన ఆలోచన అది. నాలుగు నెలల నుంచి ప్రయోగాలన్నీ లచ్చయ్య ఫోను మీదే. ఇంట్లో కరెంటు వచ్చినప్పుడల్లా చాయ్ దుకాణంలో ఆయన ఫోను మోగేది. "కరెంటొచ్చింది!" అని అక్కడి నుంచే వాడకట్టంతా వినబడేలా అరిచేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో సారును ఎక్కించుకున్నాక స్కూటరు మీద ముగ్గురు. లచ్చయ్య మెడలో గులాబీ కండువా, వెనక బిక్కుబిక్కుమంటూ త్రినాథరావు, ఆయన వెనక డబ్బాతో సంతోషి. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు నడిమధ్య పొయ్యిలు వెలుగుతున్నాయి. సమ్మెకారుల వంటావార్పు. లచ్చయ్య డిపో వాళ్ళే అడ్డం నిలబడ్డారు.

"ఎవరే లచ్చన్నా, గా సారు?"

"నా బిడ్డకు పరీక్ష పెట్టేటాయిన. గుంటూరు నుంచొచ్చిండు."

త్రినాథరావు లచ్చయ్య భుజం గట్టిగా పట్టుకున్నాడు. అంతలో ఎవరో వేడివేడి పులిహోర పొట్లం ఆయన చేతిలో పెట్టారు. "జర తినుకుంట పోండ్రి సారూ. పిల్లకు మంచిగ మార్కులెయ్యుండ్రి!" జనం పక్కకు జరిగారు. ఖాళీ హైవే మీద స్కూటరు అబ్దుల్లాపూర్‌మెట్‌లోని కాలేజీ వైపు దూసుకుపోతుంటే సంతోషికి కేక పెట్టాలనిపించింది.

ల్యాబులో బోర్డు బిగించి, చిన్న మోటరు తగిలించిందో లేదో, కరెంటు పోయింది. సమ్మె వల్ల కోతలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నాడు ఎగ్జామినరు. సంతోషి మాత్రం నవ్వింది.

"ఇది కరెంటు పోయి వచ్చే ఊళ్ళ కోసమే చేశాను సార్. రాగానే నా ఫోను మోగుతుంది, చూడండి."

బల్ల మీద ఫోను పెట్టి ఇద్దరూ దానివంకే చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలకు ఫ్యాను కదిలింది, ట్యూబులైటు వెలిగింది. ఫోను మోగలేదు.

"ఏమ్మా?" అన్నాడు త్రినాథరావు.

సంతోషికి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున బోర్డులో నాన్న నంబరు తీసి తన నంబరు పెట్టుకోవాల్సింది. సార్ కోసం పరుగెత్తిన హడావిడిలో ఆ సంగతే మర్చిపోయింది. చెబుదామని నోరు తెరిచేలోగా మెట్ల మీద ధబధబా అడుగుల చప్పుడు. గేటు బయట చెట్టుకింద కూర్చున్న లచ్చయ్య అలవాటు కొద్దీ అరుస్తూ వచ్చేశాడు.

"కరెంటొచ్చింది బిడ్డా! కరెంటొచ్చింది!"

తలుపు దగ్గరికొచ్చి, లోపల ఎగ్జామినర్ను చూసి నాలుక కరుచుకున్నాడు.

"మీకెలా తెలిసిందండీ?"

"ఫోన్ మోగింది సారూ."

త్రినాథరావు ఆ ఫోను చూశాడు, బోర్డు చూశాడు, సంతోషిని చూశాడు. "అయితే మోటరు కూడా మీరే వెయ్యండి, లచ్చయ్య గారూ."

లచ్చయ్య కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది. ఆయన బొటనవేలితో మీట నొక్కి, ఒక్క రింగు కాగానే కాల్ కట్ చేశాడు. మోటరు జుయ్యిమని తిరిగింది. సంతోషికి ఆనందం ఆగలేదు, చప్పట్లు కొట్టేసింది. నవ్వుతూనే సంతకం పెట్టాడు త్రినాథరావు.

"సార్ పాస్ చేసిండు నాయినా! ఎంటెక్ అయిపోయింది!" అంది వరండాలోకి వచ్చి.

లచ్చయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"గా డబ్బాలకెల్లి నా నంబర్ తీసెయ్ బిడ్డా. మీ పెద్దనాయిన నంబర్ ఎయ్. గాయిన రాత్రిపూట ఇంట్ల పండుకోక పన్నెండేండ్లయింది."

సంతోషి మళ్ళీ ల్యాబులోకి పరుగెత్తింది.