చూసేదానికి మూడు మాటలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆళ్లగడ్డలో ఇంగ్లీషు మొత్తం చెన్నకేశవులు నాలుక మీదే కాపురముండేది. మిట్టమధ్యాహ్నం అతను గుడ్ మార్నింగ్ అంటే కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి. నమ్మనివాళ్లు ఆ కోళ్లనే అడగాలి.

నంద్యాలలో మిషన్ నడిపే ఒక తెల్లదొర దగ్గర అతను గుమాస్తా. పుల్లయ్య అతని చిన్ననాటి స్నేహితుడు. ఒకే కంచంలో సంగటి తిని పెరిగినవాళ్లు. వానలు ఎగ్గొట్టి పైరు మాడిపోయిన ఆ ఏడు, దొర బంగళాకు వాచ్‌మన్ కావాలంటే పుల్లయ్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు. బస్సులో దారి పొడుగునా పాఠమే.

"లుక్ అంటే కండ్లు అటు తిప్పేది. సీ అంటే కంటికి కనపడేది. వాచ్ అంటే కనిపెట్టుకోని ఉండేది. కలగలిపితే దొర నవ్వుతాడు."

"ఉండేది రెండు కండ్లు. చూసేదానికి మూడు మాటలేందిరా కేశవా? మూడో కన్ను యాడ పెట్టుకున్యారు వాళ్లు?"

"ఎగతాళి జేయగాకు. వెంట్రుకవాసి తేడా ఉంటాది. అది తెలిసినోనికే కూడు."

పాత వాచ్‌మన్ బంగళాలో దీపాలు ఎత్తుకుపోయాడు. వాడికి పూచీ పడిన వంటవాడి ఉద్యోగం కూడా ఊడింది. అందుకే దొర చెన్నకేశవుల్ని నిలదీశాడు: ఇతను నీకు ఫ్రెండా? ఆ మాట పుల్లయ్యకు తెలుసు. ఛాతీ విరుచుకున్నాడు. చెన్నకేశవులు ఫ్రెండు బదులు ఇంకేదో పొడుగాటి మాట అన్నాడు. దొర పొమ్మన్నట్టు చెయ్యూపాడు.

వరండాలో కూర్చుని అంతా విన్న మిషన్ బడి టీచరమ్మ లూదియాను పుల్లయ్య అడిగాడు. "అమ్మా, మావోడు నన్నేమన్యాడు?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "ఎక్వెయింటెన్స్ అన్నాడు నాయనా. ముఖం తెలిసినోడని. సంతలో ఎదురుపడితే బాగుండావా అంటామే, అంతమాత్రం."

చెన్నకేశవులు బయటికొచ్చాడు. "ఈసారికి కుదర్లేదురా."

"నన్నేమని చెప్పినావు?"

"ఫ్రెండనే. మాట వేరే గానీ రెండూ ఒకటేరా."

"చూసేదాన్నే మూడు ముక్కలు కోసినోనివి, నీకు ఇది ఒకటే అయిందా?"

చెన్నకేశవులు చెప్పుల వైపు తలదించాడు. "నాకూ పిల్లోల్లుండారు పుల్లయ్యా. రేపు ఏమన్నా పోయిందంటే..."

"నేను ఎత్తుకపోతానా?"

చెన్నకేశవులు వంగి చెప్పులు తొడుక్కోసాగాడు.

పుల్లయ్య గేటు దాటాడు. వెనక నుంచి చెన్నకేశవులు పరుగెత్తుకొచ్చాడు. "ఆగురా, కాపీ తాగి పోదువు."

పుల్లయ్య ఆగాడు. భుజం మీది టవలు తీసి చంకలో పెట్టుకున్నాడు, పెద్దమనుషుల ముందు నిలబడేటట్టు.

"వద్దులెండి సారూ. మీకెందుకు శ్రమ."

బుద్ధెరిగినప్పటి నుంచి అతన్ని మీరు అనడం అదే మొదలు.