ముందు చూసినవాడు

నా బామ్మర్ది కాశయ్య కళ్లంటే నాకు ఒళ్లుమంట. రాచర్ల బీడులో ఇద్దరం కలిసి గొర్రెలు మేపుతాం. విమానం మోత వినపడకముందే వాడు ఆకాశంలో దాని చుక్కను చూపిస్తాడు. సద్ది తెచ్చే నా కూతురు రజిని, విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌ను ఫోన్‌లో చూసి, "ముప్పై కిలోమీటర్ల అవతల ఉంది నాయనా! మామ కళ్లే కళ్లు!" అంటుంది. తప్పిపోయిన గొర్రెను కొండ మీద నుంచే కనిపెట్టేవాణ్ని నేను. అది మాత్రం ఎవరికీ పట్టదు.

నెల రోజులు మంద కంటే మబ్బులనే ఎక్కువ కాశాను. నిన్న గిద్దలూరు దిక్కున నల్లటి చుక్క దొరికింది.

"అదిగో! ముందు నేనే చూసినా!" అని అరిచాను.

రజిని ఫోన్‌లో వెతికింది. "ఆడ విమానమేదీ లేదు నాయనా."

"నీ ఫోన్‌కేం తెలుసు? ఇప్పుడు కొండ వైపు పోతాంది చూడు!"

కాశయ్య పైకి చూడలేదు. నా ముఖంలోకి చూశాడు.

"బావా, అది నువ్వు ఎటు చూస్తే అటే పోతాందా?"

తల తిప్పాను. చుక్కా తిరిగింది.

"రేపు కంటి డాక్టర్ కాడికి పోదాం" అన్నాడు మెల్లగా.

పాపిష్టివాడు, నా కంట్లో మచ్చను కూడా నాకంటే ముందే కనిపెట్టాడు.