ఫిర్యాదులు అందలేదు

యలమంద మిరపచేను నడుమెత్తు పెరిగింది. కాయ మాత్రం కాయలేదు. నకిలీ విత్తనం. ఊళ్ళో నలభై ముగ్గురు రైతులది అదే గతి. చాలామంది విసిగిపోయి మొక్కలు పీకేసి మొక్కజొన్న వేసుకున్నారు. యలమంద పీకలేదు.

"చేను నిలబడి ఉంటేనే శాస్త్రవేత్తలు వచ్చి చూసి రాస్తారు బాబాయ్. పీకితే కేసు పోయినట్టే," అని జ్యోతిర్మయి చెప్పింది మరి. ఆమె ఆ ఊరి రైతు కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు. ఆ మాట పట్టుకుని ఆ పెద్దమనిషి నలభై రోజులుగా కాయని చేనుకి నీళ్ళు పెడుతున్నాడు. రైతులిచ్చిన నలభై మూడు అర్జీలూ జ్యోతిర్మయి బీరువాలోనే ఉన్నాయి. శాస్త్రవేత్తలు రాలేదు.

ఒకరోజు మూడింటికి మండల అధికారి మాలకొండయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పార్లమెంటు ప్రశ్న వచ్చింది. నకిలీ మిరప విత్తనాల మీద ఫిర్యాదులు అందాయా, అందితే ఏం చర్య తీసుకున్నారు అని. నాలుగింటికల్లా పంపాలి."

"నలభై మూడు ఉన్నాయి సార్."

"ఉన్నాయంటే పక్క గడిలో చర్య రాయాలి. ఏం రాస్తావ్? అసలు ఆన్‌లైన్‌లో ఎక్కించావా?"

"సైట్ తీసుకోలేదు సార్."

"ఎక్కకపోతే అందనట్టే. నిల్ పెట్టు. లేదంటే మెమో వచ్చేది నీకే."

జ్యోతిర్మయి ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. తర్వాత 'ఫిర్యాదులు అందలేదు' అని కొట్టి పంపేసింది. పాపం, చిన్న ఉద్యోగం, భయపడింది అని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోను. ఆ పూట ఆమె కూడా సరిపెట్టుకోలేకపోయింది.

వారం తిరిగాక సభలో ఆ ప్రశ్న వచ్చే రోజున, ఆ సంగతి పేపర్లో చూసిన యలమంద ఆమెను పనిగట్టుకుని చేనుకి పిలిపించుకున్నాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఫోన్‌లో చూశారు. ఒక సభ్యుడు కంది మద్దతు ధర అడిగాడు, ఇంకొకాయన పంటల బీమా అడిగాడు, మరొకాయన మన మిరప విత్తనం అడిగాడు. మిరప అన్న మాట వినగానే యలమంద తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మంత్రి లేచి అందరికీ కలిపి ఇంగ్లీషులో గబగబా చదివేసి కూర్చున్నాడు.

"మన సంగతి ఏమన్నాడమ్మా?"

ఊళ్ళో ఇంగ్లీషు చెప్పడానికి ఇంకెవరూ దొరకనట్టు ఆమెనే అడగాలా!

"క్షేత్రస్థాయి నుంచి ఒక్క ఫిర్యాదూ అందలేదన్నాడు బాబాయ్."

"అదేంటి? నీ చేతికే ఇచ్చాంగా! ఏ పనికిమాలినోడు రాసి పంపాడమ్మా అలాగ? కనుక్కో. ఆడి మీద అర్జీ పెడదాం. నువ్వే రాసిపెట్టు."

ఎంత నమ్మకమో! ఆ నమ్మకానికి ఆమె తట్టుకోలేకపోయింది.

"నేనే పంపాను బాబాయ్. లేవని నేనే రాశాను."

యలమంద ఆమె ముఖంలోకి చూశాడు. తిట్టలేదు. తిడితే ఆమెకు కొంత తేలికయ్యేది. తలగుడ్డ చుట్టుకుని లేచి, వెళ్ళి మోటారు కట్టేశాడు. డొంకలో గొర్రెలు కాస్తున్న మనిషిని కేకేశాడు.

"ఒరేయ్ కోటేష్! మందని ఇటు తోలరా!"

తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"పీకొద్దన్నావు, పీకలేదమ్మా. కాసేపుండు. గొర్రెలు మేసెయ్యగానే, చేను కూడా లేదని రాసుకుని పోదువుగాని."